చదరపు అడుగుల ఇంటీరియర్

ఇంటీరియర్ డిజైన్ అంటే కట్టడం పూర్తయ్యాక గోడలకూ కప్పుకూ చేయించే పని అన్న అభిప్రాయం తెలుగు పట్టణాల్లో దాదాపు స్థిరపడిపోయింది. బిల్డరు ఫ్లాటు తాళాలు ఇచ్చేదాకా దాని ఊసే ఉండదు. తాళాలు చేతికొచ్చాక హాల్లో ఫాల్స్ సీలింగ్, టీవీ వెనక ప్యానెల్, పడకగదుల్లో కప్పుదాకా వార్డ్‌రోబ్‌లు, వంటగదిలో మాడ్యులర్ కిచెన్, పూజగదికి జాలీ తలుపు, వీటన్నిటి అంచుల వెంట ప్రొఫైల్ లైట్లు వరసగా దిగుతాయి. రెండు పడకగదుల ఇంటికి ఒక ప్యాకేజీ, మూడింటికి మరొకటి. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు తలెత్తి కప్పు చూసి ‘ఇంటీరియర్ బాగా చేయించారు’ అంటారు. ఆ కప్పు కింద వంట చేసేవాళ్ల నడుం సంగతి, చదువుకునే పిల్లల కళ్ల సంగతి, అర్ధరాత్రి మంచం దిగి బాత్రూముకు వెళ్లే పెద్దాయన దారి సంగతి ఆ మెచ్చుకోలులోకి రావు.

డిజైన్‌కు పునాది ఆ రాని సంగతులే. ఒంటి కొలత, నడిచే దారి, గాలి, వెలుతురు, చప్పుడు, సరుకు మన్నిక కుదిరిన గదికి అలంకారం తక్కువైనా చెల్లుతుంది. అవి కుదరని గదికి ఎంత అలంకారం చేసినా ఆ లోటు తీరదు. ఇప్పుడు చెలామణీలో ఉన్న అభిప్రాయం ఈ వరసను తలకిందులు చేసింది.

దీనికి చదువుకున్న రూపం కూడా ఒకటుంది. రేఖ, ఆకారం, రంగు, స్పర్శ మూలకాలనీ, సమతౌల్యం, లయ, నిష్పత్తి, ప్రాధాన్యం, సామరస్యం సూత్రాలనీ పాఠ్యపుస్తకాలు వల్లె వేయిస్తాయి. ఈ పదజాలం చాలామటుకు బొమ్మలు వేయడం నేర్పే తరగతి నుంచి వచ్చింది. అమెరికాలో ఆర్థర్ వెస్లీ డౌ 1899లో ‘కంపోజిషన్’ అనే పుస్తకంలో చిత్రాన్ని రేఖ, వెలుగునీడలు, రంగుల కూర్పుగా బోధించాడు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన అక్కచెల్లెళ్లు హారియట్ గోల్డ్‌స్టీన్, వెట్టా గోల్డ్‌స్టీన్ 1925లో ‘ఆర్ట్ ఇన్ ఎవ్రీ డే లైఫ్’ రాసి, కళా సూత్రాలను ఇంటికీ దుస్తులకూ వర్తింపజేశారు. మన హోమ్ సైన్స్ పాఠాల్లో కనిపించేదీ ఆ జాబితాయే. ఆ సూత్రాలు అబద్ధాలేం కావు. అయితే అవి ఒకచోట నిలబడి చూసే కంటికి పనికొచ్చేవి. గదిలో మనిషి నిలబడి చూస్తూ ఉండిపోడు. వంగుతాడు, బట్టలు మడతపెడతాడు, కూర్చుని పప్పు ఏరుతాడు, నిద్రలో పక్కకు దొర్లుతాడు. వీటిలో ఒక్కదానికీ ‘లయ’ దగ్గర జవాబు లేదు.

ఈ చూపుకు నేటి పరికరం త్రీడీ బొమ్మ. దానిలో కెమెరా చాలాసార్లు గోడకు అవతల నిలబడుతుంది, కంటికి సాధ్యం కాని వెడల్పును ఒక్కసారిగా చూపిస్తుంది. పది అడుగుల గది పదహారు అడుగులుగా కనిపిస్తుంది. అందులో ఫ్యాను తిరగదు, ఆరేసిన తువ్వాలు ఉండదు, రౌటరు ఉండదు, ఛార్జరు వైరు వేలాడదు. యజమాని ఆ బొమ్మకే సంతకం పెడతాడు.

కొలత దగ్గర మొదలుపెడితే ఈ బొమ్మ ఎంతలో తేలిపోతుందో తెలుస్తుంది. పదికి పదకొండు అడుగుల పడకగది మన ఫ్లాట్లలో మామూలు. పది అడుగుల గోడ పొడవునా రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ పెడతారు. హ్యాంగరుకు తగిలించిన చొక్కా అడ్డంగా పట్టాలంటే ఆ లోతు తప్పదు. పదకొండు అడుగుల గోడలో ఇక మిగిలేది తొమ్మిది. ఆ గోడకు తలవైపు ఆనించి ఆరడుగుల వెడల్పు కింగ్ సైజు మంచం వేస్తే అటూ ఇటూ కలిపి మూడడుగులు. మంచం నడిమధ్యన ఉంటేనే బాగుంటుందని సమతౌల్య సూత్రం చెబుతుంది కనుక చెరి అడుగున్నర. వార్డ్‌రోబ్ షట్టరు వెడల్పు కూడా అడుగున్నర. అంటే షట్టరు తెరిస్తే మంచానికి తగులుతుంది, తెరిచినవాళ్లకు నిలబడే చోటు ఉండదు. మంచంమీద మోకాళ్లు ఆనించి చీరలు తీసుకునే దృశ్యం ఎన్నో ఇళ్లలో నిత్యం కనిపించేదే. మంచం కాళ్లవైపు మిగిలిన మూడున్నర అడుగుల్లో అడుగున్నర టీవీ యూనిట్‌కు పోతుంది. ఇక్కడ సమస్యను తీర్చేది లామినేటు రంగు కాదు. అయిదడుగుల మంచం, జారుడు తలుపులు, మంచాన్ని ఒక పక్కకు జరపడం లాంటి నిర్ణయాలు. వీటిలో చాలావాటికి అదనపు ఖర్చు లేదు, అందుకే వీటిని డిజైన్‌గా ఎవరూ లెక్కవేయరు.

వంటగదిలో ఈ అన్యాయం ఇంకా సూటిగా కనిపిస్తుంది. మాడ్యులర్ కిచెన్‌ను మనవాళ్లు హోదాగా కొంటున్నారు గానీ దాని పుట్టుకలో హోదా లేదు. 1926లో ఆర్కిటెక్టు మార్గరెటె షూట్టె లిహోట్స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న కార్మికుల ఇళ్ల కోసం ఒక వంటగదిని రూపొందించింది. వెడల్పు రెండు మీటర్లలోపు, పొడవు మూడున్నర మీటర్లలోపు. రైళ్లలోని డైనింగ్ కారు వంటగదిని గమనించి, వంట మనిషి వేసే ప్రతి అడుగునూ లెక్కగట్టి గీసిన నమూనా అది. కిటికీ దగ్గర కూరగాయలు తరిగే బల్ల, కూర్చుని పనిచేసుకోవడానికి ఎత్తు మార్చుకునే తిరుగుడు స్టూలు, పిండికీ బియ్యానికీ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు, కావలసినచోటికి జరుపుకునే కప్పు దీపం అందులో ఉన్నాయి. దాదాపు పదివేల ఇళ్లలో అది అమరింది. ఇప్పటి మాడ్యులర్ కిచెన్‌లు ఆ వంశంలోవే. అయితే మన దగ్గరకు షట్టర్ల మెరుపు వచ్చింది, అడుగుల లెక్క రాలేదు.

గట్టు ఎత్తునే తీసుకుందాం. కిట్‌గా వచ్చే పెట్టె ఎత్తు 720 మిల్లీమీటర్లు, కింద కాళ్లు 100, పైన గ్రానైటు 20. మొత్తం 84 సెంటీమీటర్లు. భారతీయ స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. ఆ ఎత్తు మనిషికి మోచేయి నేల నుంచి 95 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. నిలబడి చేసే పనికి బల్ల మోచేతికి పది, పదిహేను సెంటీమీటర్లు కిందుండాలి. కనుక కూరగాయలు తరగడానికి 84 సరిపోతుంది. కానీ ఆ గట్టుమీద స్టవ్ పెడితే బర్నరు 95 దగ్గరికి చేరుతుంది. దానిమీద కడాయి పెడితే అంచు మోచేతిని దాటి పైకి లేస్తుంది. ఉప్మా కలపాలన్నా పులిహోర పోపు తిప్పాలన్నా భుజం ఎత్తక తప్పదు. మరోవైపు సింకులో గిన్నె అడుగు గట్టుకు 20 సెంటీమీటర్లు కిందుంటుంది, అక్కడ నడుం వంచాలి. ఒకే గట్టు పొయ్యి దగ్గర ఎక్కువ, సింకు దగ్గర తక్కువ. పొయ్యి భాగాన్ని నాలుగు అంగుళాలు దించి, సింకు భాగాన్ని రెండు అంగుళాలు ఎత్తితే రెండు బాధలూ తప్పుతాయి. గ్రానైటు ఒకే మట్టంలో గీత గీసినట్టు ఉండాలన్న అందం కోసం ఈ పని చేయరు. రోజుకు మూడు పూటలా భుజమూ నడుమూ ఆ గీతకు కట్టే సుంకం ఎవరి లెక్కలోకీ రాదు.

సింకు, పొయ్యి, ఫ్రిజ్ మధ్య త్రికోణం చుట్టుకొలత 26 అడుగులు దాటకూడదన్న సూత్రం 1940లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. మన డిజైనర్లు దాన్ని అలాగే ఒప్పజెబుతారు. తెలుగు వంటకు ఆ మూడు మూలలు చాలవు. రోజుకు నాలుగుసార్లు తిప్పే మిక్సీ, ఎత్తలేనంత బరువుండే వెట్ గ్రైండరు, చేతికందే పోపుల డబ్బా, బియ్యం బస్తా, యుటిలిటీలో అంట్లు తోమేచోటు, ఇవన్నీ ఆ లెక్కలోకి రావాలి. మిక్సీని షట్టరు వెనక దాచే ఏర్పాటు ఫొటోకు బాగుంటుంది, పచ్చడి రుబ్బే ఇంట్లో ఆ షట్టరు మూసి ఉండేది ఎప్పుడని!

గ్యాస్ సిలిండరు విషయం ఎత్తుల ముచ్చట కాదు, ప్రాణాల సంగతి. ఎల్పీజీ గాలికన్నా బరువు. లీకైతే నేలబారున పేరుకుంటుంది. సిలిండరును నాలుగువైపులా మూసిన పెట్టెలో పెట్టి, లామినేటు గీత చెడుతుందని అడుగున గాలి రంధ్రాలు వదలకపోవడం ప్రమాదాన్ని పెట్టెలో దాచుకోవడమే. పైపులో వచ్చే సహజవాయువు గాలికన్నా తేలిక కనుక దానికి దారి పైన ఉండాలి. ఏ ఇంధనమో అడగకుండా పెట్టె డిజైన్ చేసేవాళ్లు ఏ సూత్రాన్ని పాటిస్తున్నట్టు?

ఇక ఫాల్స్ సీలింగ్. మన అపార్ట్‌మెంట్లలో నేల నుంచి స్లాబు అడుగుదాకా సాధారణంగా తొమ్మిదిన్నర అడుగులు. జిప్సమ్ కప్పు, దాని మడతలో దీపాల కోసం ఎనిమిది అంగుళాలు పోతే మిగిలేది ఎనిమిది అడుగుల పది అంగుళాలు. నివాస గదికి కనీసం 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. ఏసీ గదులకు అదే నియమావళి 2.4 మీటర్లదాకా సడలింపు ఇచ్చింది గనుక ఇది తప్పేమీ కాదని వాదించేవాళ్లున్నారు. హాల్లో ఏసీ ఎన్ని గంటలు నడుస్తుంది, ఫ్యాను ఎన్ని గంటలు తిరుగుతుంది అని వాళ్లను అడగాలి. ఫ్యాను పైనుంచి గాలిని లాగి కిందికి తోస్తుంది. రెక్కలకూ కప్పుకూ మధ్య కనీసం అడుగు ఖాళీ లేకపోతే లాగడానికి చాలినంత గాలి అందదు. అడుగు వదిలితే రెక్కలు ఏడడుగుల పది అంగుళాలకు దిగుతాయి. మంచంమీద నిలబడి దోమతెర కట్టేవాడి చేతికి అది అందే ఎత్తు.

పై అంతస్తులో ఎండ స్లాబును కాలుస్తుంది కాబట్టి ఫాల్స్ సీలింగ్ చల్లదనం ఇస్తుందన్న మాటలో కొంత నిజముంది. స్లాబుకూ జిప్సమ్ కప్పుకూ మధ్య బందీ అయిన గాలి కొంత వేడిని ఆపుతుంది. అయితే వేడిని స్లాబులోకి దిగకముందే ఆపడం ఇంతకన్నా చవకైన, గట్టి మార్గం. డాబామీద ఎండను వెనక్కి కొట్టే తెల్లపూత వేయడం అలాంటిదే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిందీ ఈ ఆలోచనతోనే. కింది అంతస్తుల వాళ్లకు ఆ సాకు కూడా లేదు. కప్పు మడతల్లో దీపాల వెనక దుమ్ము చేరుతుంది, బల్లులు కాపురం పెడతాయి. ఆ మడత ఎలా తుడవాలో ఏ ప్యాకేజీలోనూ రాసి ఉండదు.

వెలుతురు లెక్క ఇంకో రకంగా తప్పుతుంది. కిటికీ నుంచి పగటి వెలుగు పనికొచ్చేంతగా లోపలికి చేరే దూరం కిటికీ పైఅంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్లు. పైఅంచు ఏడడుగుల ఎత్తులో ఉన్న కిటికీ నుంచి పద్నాలుగు, పదిహేడున్నర అడుగులు. పాతిక అడుగుల పొడవున్న హాలు కమ్ డైనింగ్‌లో బాల్కనీ ఒకవైపే ఉంటే, భోజనాల బల్ల దగ్గర పగలే చీకటి. ఆ మధ్యలో అద్దాల బీరువానో చెక్క పలకల తెరనో నిలబెట్టి ‘పార్టిషన్’ అంటారు. వచ్చే కాస్త వెలుగునూ ఆపి, దాని మీద స్పాట్ లైట్లు బిగిస్తారు! రాత్రి సంగతి సరేసరి. వంటగదిలో కప్పు నడుమ ఉన్న దీపం వంట చేసే మనిషి వీపు వెనక పడుతుంది. తరిగే పలక మీద ఆమె నీడే. పై అరల అడుగున గట్టు మీదికి దించిన చిన్న పట్టీ దీపం ఈ నీడను పోగొడుతుంది. హాల్లో బిగించిన ప్రొఫైల్ లైట్ల ఖర్చులో అది ఎన్నో వంతు? ఎల్‌ఈడీ కొనేటప్పుడు వాట్లు చూస్తారు గానీ రంగులు నిజంగా కనిపిస్తాయో లేదో చెప్పే సీఆర్‌ఐ అంకె చూడరు. అది 80కి తక్కువైన దీపం కింద ఎర్రచీర మట్టిరంగుకు తిరుగుతుంది, పసిపాప ఒంటిరంగు పాలిపోయినట్టుంటుంది.

చప్పుడును ఈ వ్యాపారం పూర్తిగా మరిచిపోయింది. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో మాట అయిదు సెకన్లకు పైగా మార్మోగి ఎవరికీ అర్థం కాకపోతే, వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు పక్క నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించి, అవి పెరిగేకొద్దీ మార్మోత ఎంత తగ్గుతోందో కొలిచాడు. గదుల ధ్వనిశాస్త్రం ఆ మెత్తలతో మొదలైంది. మన హాల్లో నేల విట్రిఫైడ్ టైలు, కప్పు జిప్సమ్, గోడకు నిగనిగలాడే ప్యానెల్, ఎదుట అద్దం. శబ్దాన్ని మింగే మెత్తని వస్తువు సోఫా ఒక్కటే. కుక్కరు కూత, టీవీ, ఫోను మాటలు ఒకదానిమీదొకటి పడి అందరూ గొంతు పెంచుతారు. దళసరి కర్టెన్లు, ఒక తివాచీ, పుస్తకాల అర చేసే మేలు అలంకారం పద్దులో పడిపోయింది.

సరుకు దగ్గర మాత్రం జనం జాగ్రత్తగా ఉన్నామనుకుంటారు. ప్లైవుడ్ మీద ముద్ర చూస్తారు. తడికి తట్టుకునే మెరైన్ రకానికి ఐఎస్ 710, మామూలు రకాలకు ఐఎస్ 303 ప్రమాణాలు. కానీ ముద్రున్న పలకను సింకు కింద పెట్టి, కోసిన అంచును బ్యాండు వేయకుండా వదిలితే నీళ్లు అక్కడినుంచే ఎక్కుతాయి. చెక్క నారను నొక్కి చేసే ఎండీఎఫ్ అయితే ఉబ్బి విడిపోతుంది. పలకల జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. గృహప్రవేశం నాటి ‘కొత్తింటి వాసన’లో ఆ జిగురు పాలు కూడా ఉంటుంది. మన పాత వంటింటి అర కడప బండతో ఉండేది. చెదలు తినదు, తడికి ఉబ్బదు, వేడి గిన్నె దించినా మచ్చపడదు. తాండూరు, బేతంచర్ల బండలు నేలకు ఇచ్చిన చల్లదనమూ అలాంటిదే. ‘పాతకాలం లుక్’ అని వాటిని తీసేసి, వాటి బొమ్మ ముద్రించిన టైలు వేయడం ఈ రంగంలోని వింతల్లో ఒకటి.

ఇంతకూ ఎదుటిపక్షానికి వాదనలు లేకపోలేదు. మొదటిది, ఫ్లాటులో అంతా బిల్డరే నిర్ణయిస్తాడు, మిగిలేది పైపూతే అన్నది. స్తంభాలు, బీములు, కిటికీలు ముట్టుకోలేమన్నది నిజం. అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసే మైవాన్ పద్ధతిలో కట్టినవాటిలో గోడలు కూడా కాంక్రీటే కనుక వాటినీ కదపలేం. అయినా స్విచ్ బోర్డు ఎక్కడుండాలి, మంచం పక్కన రెండోవైపు కూడా నొక్కే టూవే స్విచ్ ఉండాలా, తలుపు లోపలికి తెరుచుకోవాలా బయటికా, ఏసీ గాలి నేరుగా పడుకున్నవాళ్ల మొహానికి కొట్టకుండా ఎటు బిగించాలి, గట్టు ఎంత ఎత్తు అన్నవి కట్టడం నడుస్తుండగానే అడిగి మార్చుకోగలిగినవి. బుకింగ్ నాటి నుంచి తాళాల దాకా ఏళ్లు గడిచినా ఈ ప్రశ్నలు రాకపోవడానికి కారణం డిజైన్ తర్వాత చేయించే పని అన్న నమ్మకమే. ఆ ఏళ్లలో కూడా చర్చంతా వాస్తు దిక్కుల మీదే నడుస్తుంది. ఆగ్నేయాన పొయ్యి పెట్టాక ఆ పొయ్యి ఎంత ఎత్తులో ఉండాలో దిక్సూచి చెప్పదు.

రెండో వాదన కాస్త బలమైనది. అందం కూడా అవసరమే, మనిషి కొలతలతో మాత్రమే బతకడు. ఇది కాదనేదేమీ లేదు. కానీ అలంకరణను వృత్తిగా నిలబెట్టినవాళ్లే ఈ వరసను తిరగేయలేదు. ఈడిత్ వార్టన్, ఆగ్డెన్ కాడ్‌మన్ 1897లో వెలువరించిన ‘ది డెకరేషన్ ఆఫ్ హౌసెస్’ గది నిష్పత్తిని వదిలి పైన పేర్చే అలంకారం మీద దాడే. వృత్తి అలంకరణకు ఆద్యురాలిగా చెప్పుకునే ఎల్సీ డి వుల్ఫ్ 1907లో న్యూయార్క్ కాలనీ క్లబ్‌తో పేరు తెచ్చుకుంది. విక్టోరియా కాలపు బరువైన తెరలు, చీకటి చెక్కలు పక్కనపెట్టి లేతరంగులు, పేము కుర్చీలు, వెలుగు తెచ్చినందుకే ఆమె గుర్తుండిపోయింది. ఆమె పేరు చెప్పుకునే వృత్తి ఇవాళ కిటికీకి అడ్డంగా పార్టిషన్లు బిగిస్తోంది.

గోదావరి జిల్లాల మండువా లోగిలిని కూడా అందం పేరుతో ఉదాహరిస్తారు. చెక్కిన స్తంభాలు, గడపల ఇత్తడి పువ్వులు ఫొటోలకెక్కుతాయి. ఆ ఇంటి అసలు తెలివి నడిమి మండువాలో ఉంది. వాన నీరు కిందికి, వేడిగాలి పైకి, వెలుగు నాలుగు వసారాలకూ పోయే ఏర్పాటది. చెక్కడం తర్వాత వచ్చింది. దాన్ని కీర్తించేవాళ్లు ఒకటి మరవకూడదు. అంత గొప్ప ఇంట్లోనూ వంటశాల వెనకవైపు పొగచూరి, ఆడవాళ్లు గొంతుక్కూర్చుని కట్టెపొయ్యి ఊదిన చోటే. కొలత ఎవరి ఒంటికి తీశారన్నది పాత ఇంటినీ కొత్త ఫ్లాటునూ ఒకే తీరుగా అడగవలసిన ప్రశ్న.

ఇంటీరియర్ అంటే అలంకారమే అన్న అభిప్రాయం ఇంత గట్టిగా నిలబడటానికి కారణం అభిరుచి కాదు, కూలి లెక్క. చెక్కపనిని ముందుమొహం చదరపు అడుగుల్లో కొలుస్తారు. ఏడు బై ఎనిమిది వార్డ్‌రోబ్ అంటే 56 చదరపు అడుగుల బిల్లు. లోపల ఎన్ని అరలు, వాటిలో దుప్పట్లు పడతాయా లేదా అన్నది ఆ కొలతలో లేదు. గోడను ఖాళీగా వదిలేయండి, కిటికీ పక్కకు బల్ల జరపండి, మంచం మార్చండి అని సలహా ఇచ్చిన డిజైనరుకు సున్నా అడుగులు. డిజైన్ ఫీజు విడిగా ఇవ్వడానికి జనం ఒప్పుకోరు, ‘బొమ్మ గీసినందుకు డబ్బులా’ అంటారు. అందుకని ఆ డబ్బు ప్యానెళ్ల రూపంలో రెట్టింపై వసూలవుతుంది. ఆలోచనకు విడిగా, చెక్కకు విడిగా వెల కట్టినప్పుడే అవసరం లేని చెక్క తగ్గుతుంది.

చెక్కపని లేకుండానే ఇల్లు కుదురుతుందన్న సంగతి అద్దె ఇళ్ల వాళ్లు ముందే కనిపెట్టారు. మేకు కొట్టనివ్వని యజమాని ఇంట్లో వాళ్ల చేతిలో ఉన్నవి సామాను జరపడం, కర్టెన్, దీపం, ఒక తివాచీ మాత్రమే. మంచాన్ని కిటికీ గాలికి అడ్డం లేకుండా తిప్పి, చదువు బల్లను వెలుగు ఎడమచేతి వైపు నుంచి పడేలా వేసి, చేతికందే ఎత్తులో రోజూ వాడే గిన్నెలు సర్దుకున్న అద్దె ఇల్లు, లక్షలు పోసిన సొంత ఫ్లాటు కన్నా సుఖంగా ఉండటం అరుదేమీ కాదు.

రంగులు, ప్యానెళ్లు, బొమ్మలు ఈ వరసలో చివర వస్తాయి. రంగు విషయంలోనూ షేడ్ కార్డు చూసి నిర్ణయించడం తొందరే, ఎందుకంటే కార్డు కనిపించేది దుకాణం ట్యూబ్‌లైటు కింద. ఎంచుకున్న రెండు మూడు రంగులను గోడమీద రెండేసి అడుగుల చదరాలుగా పూయించి, పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి ఆ గదికి బిగించబోయే దీపం కింద చూసి, ఆ తర్వాతే డబ్బాలకు ఆర్డరు ఇవ్వాలి.